బేగంపేట నుంచి పనామా దాకా



దిల్‌సుఖ్‌నగర్‌లో బైపీసీ చదివే పిల్లలెవరినైనా నిద్రలో లేపి అడగండి, ప్లాస్మోడియం జీవితచక్రం గడగడా అప్పజెప్పేస్తారు. మనిషి ఎర్ర రక్తకణాల్లో సాగేది గాల్గి చక్రం, దోమ కడుపులో సాగేది రాస్ చక్రం. ఆ రాస్ ఎవరంటే సర్ రోనాల్డ్ రాస్, సికింద్రాబాద్, 1902లో నోబెల్ బహుమతి. అక్కడికి మార్కులు పడిపోతాయి, పేజీ తిప్పేస్తారు. గడ్డిఅన్నారంలో ఉంటూ చాలా ఏళ్లు ఆ పాఠం చెప్పినదాన్ని నేను. పేజీ తిప్పేశాక ఆ కథ ఎంత దూరం వెళ్లిందో ఈ పూట చెబుతాను. భూగోళానికి అవతలి వైపు రెండు మహాసముద్రాలను కలిపిన పనామా కాలువ దాకా వెళ్లింది. ఆ కాలువనూ, దాని పక్కనున్న రాజధానినీ చూసి వచ్చాను. చూసినంతసేపూ నా మనసు మన ఊరి సందుల్లోనే ఉంది.

పనామా వెళ్లాలనుకునేవాళ్లకు ప్రయాణం విమానాశ్రయంలో కాదు, నారాయణగూడలో మొదలవుతుంది. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఎల్లో ఫీవర్ టీకా వేస్తారు. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. వేశాక పసుపుపచ్చ కార్డు మీద ముద్ర కొట్టి ఇస్తారు. ఒకసారి వేయించుకుంటే అది జీవితాంతం చెల్లుతుంది. ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో పనామా కూడా ఉంది. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు కార్డు లేకుండా మన దేశంలో దిగితే విడిగా ఉంచి పరిశీలిస్తారు. ఇంత పట్టింపు ఎందుకని చాలామంది విసుక్కుంటారు. ఎందుకో చెబుతాను. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. కానీ దాన్ని మోసే దోమ, ఈడిస్ ఈజిప్టై, మన ఇళ్లలోనే ఉంది. మనకు డెంగీ అంటించేది అదే. దోమ ఉంది, దాని కాటుకు సిద్ధంగా కోట్ల మంది జనం ఉన్నారు, ఇక వైరస్ ఒక్కటే రావాలి. ఆ ఒక్కదాన్ని ఆపడానికే ఆ కార్డు.

హ్యూస్టన్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి నుంచి పనామా వెళ్లాం. నాలుగు గంటల విమాన ప్రయాణం. దిగగానే ఒంటికి తగిలిన ఉక్కపోత నాకు కొత్త కాదు, మచిలీపట్నంలో వానాకాలం అంతే. డబ్బు మార్చుకునే పని పడలేదు. వాళ్ల డబ్బు పేరు బాల్బోవా అయినా నోట్లు అమెరికా డాలర్లే. చిల్లర నాణేలు మాత్రం సొంతానివి. ఊళ్లో మెట్రో రైలు 2014 నుంచి నడుస్తోంది, మధ్య అమెరికా మొత్తానికీ అదే మొదటిది.

ఆ నగరం మూడు చోట్ల, మూడు కాలాల్లో లేచింది. మొదటిది 1519లో స్పెయిన్ వాళ్లు పసిఫిక్ ఒడ్డున కట్టింది. పెరూ నుంచి వచ్చిన వెండి అక్కడ దిగి, కంచరగాడిదల మీద అడవి దాటి, అవతలి ఒడ్డున ఓడలెక్కేది. 1671లో హెన్రీ మోర్గాన్ అనే సముద్రపు దోపిడీదారు మీదపడినప్పుడు ఆ ఊరు తగలబడిపోయింది. ఇప్పుడు రాతి గోడలూ, ఒక గంట గోపురమూ మిగిలాయి. రెండో ఊరు 1673లో కొంచెం ఎడంగా కట్టుకున్న కాస్కో ఆంతిగువో. ఇరుకు వీధులు, చెక్క వసారాలు, చర్చిలు. మూడోది అద్దాల మేడల నగరం, అది ఫొటోల్లో మీరు చూసే ఉంటారు. అన్నట్టు, అక్కడ సూర్యుడు పసిఫిక్ మీద ఉదయిస్తాడు. ఆ సన్నటి నేల మెలిక తిరిగి ఉంటుంది కాబట్టి అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు పోయే ఓడ పడమరకు కాక ఆగ్నేయ దిక్కుకు సాగుతుంది.

నేను ముందుగా చూడాలనుకున్నది మాత్రం వీటిలో ఏదీ కాదు. ఊరి మధ్యలో ఆంకోన్ అనే గుట్ట ఉంది. పైన పెద్ద పనామా జెండా ఎగురుతుంటుంది, వాలు మీద పాత దవాఖాన భవనాలు. కొన్నింటిలో ఇప్పుడు క్యాన్సర్ చికిత్స చేస్తున్నారు. కాలువ కథలో అసలు యుద్ధం జరిగింది ఆ గుట్ట చుట్టూనే.

సూయజ్ కాలువ తవ్వించిన పేరుతో ఫెర్డినాండ్ డి లెసెప్స్ 1881లో పనామాలో పని మొదలుపెట్టాడు. సూయజ్ ఇసుక నేల, చదునైన నేల. ఇక్కడ కొండ, బురద, ఏడాదిలో ఎనిమిది నెలలు వాన, పొంగితే పట్టపగ్గాలు లేని చాగ్రెస్ నది. వీటన్నిటికంటే జ్వరాలు ఎక్కువ చంపాయి. 1889లో కంపెనీ దివాలా తీసేనాటికి దాదాపు 22,000 మంది చనిపోయి ఉంటారని అంచనా. జబ్బుపడ్డవాళ్ల కోసం ఫ్రెంచివాళ్లు ఆంకోన్ గుట్ట మీద మంచి దవాఖాన కట్టారు. చుట్టూ తోటలు వేశారు. ఆ మొక్కలను ఆకులు కొరికే చీమలు తినెయ్యకుండా చుట్టూ నీళ్లు నిలిపే మట్టి పళ్లేలు పెట్టారు. మంచం కోళ్ల కింద కూడా నీళ్ల గిన్నెలే. పిండివంటల డబ్బాకు చీమలు పట్టకుండా మన అమ్మమ్మలు నీళ్ల పళ్లెంలో పెట్టేవారే, సరిగ్గా అలా. రోగుల మంచాల కిందే దోమలు గుడ్లు పెట్టాయి, పిల్లలను లేపాయి, ఒక రోగిని కుట్టి పక్క మంచం మీదికి వాలాయి. కాలు విరిగి వచ్చినవాడు జ్వరంతో పోయేవాడు. ఆ దవాఖానలో సేవ చేసిన సన్యాసినులకు గానీ, వైద్యులకు గానీ ఆ గిన్నెల మీద అనుమానమే రాలేదు. చిత్తడి నేలల నుంచి లేచే చెడ్డ గాలి వల్ల జ్వరాలొస్తాయని లోకమంతా నమ్మిన కాలం అది.

ఇప్పుడు బేగంపేట రండి. అల్మోరాలో పుట్టిన రోనాల్డ్ రాస్ ఇండియన్ మెడికల్ సర్వీసులో సైనిక వైద్యుడు. రెజిమెంటుతో సికింద్రాబాద్ వచ్చాడు. మలేరియా క్రిమిని 1880లోనే లావెరాన్ మనిషి రక్తంలో చూశాడు. అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతుందో మాత్రం తేలలేదు. 1897 ఆగస్టులో బేగంపేట దవాఖానలో హుస్సేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, అతన్ని దోమలతో కుట్టించాడు రాస్. ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శిని కింద చూశాడు. పంకా లాగిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి ఆ ఉక్కలో గాలి లేకుండానే కూర్చున్నాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, కంటి దగ్గరి అద్దం పగిలింది. ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న ఒక దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి, వాటిలో నల్లటి రంగు రేణువులు. ఆ రేణువులు మలేరియా క్రిమివి తప్ప ఇంక దేనివీ కావు. మా పిల్లలు బొమ్మ గీసి, ఊసిస్టు అని రాసి, గీత కొట్టేది ఆ కణాలకే. ఆ మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద ప్రయోగాలు చేసి, దోమ కాటు ద్వారానే అది వ్యాపిస్తుందని రాస్ నిరూపించాడు.

ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకునేది అందుకే. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉంది. నల్లకుంట కోరంటి దవాఖానకు, అంటే ఫీవర్ ఆసుపత్రికి, అధికారికంగా ఉన్నది రాస్ పేరే. మా గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ జనం డెంగీ కాలంలో ఆటోలు కట్టించుకుని పరుగెత్తేది అక్కడికే. ఎవరి పేరున్న దవాఖానకు వెళ్తున్నామో తెలిసినవాళ్లు వాళ్లలో ఎంతమంది ఉంటారు? చెప్పాల్సిన మాలాంటి వాళ్లం చెప్పాలి కదా.

రాస్ కనుగొన్నది పనామా కంటే ముందు సూయజ్‌కు పనికొచ్చింది. 1902లో సూయజ్ కాలువ కంపెనీ ఆయన్ను ఇస్మాయిలియా పట్నానికి పిలిపించింది. నిలవ నీళ్లు లేకుండా చేశారు, మలేరియా వెళ్లిపోయింది. ఎల్లో ఫీవర్ సంగతి వేరే. అది దోమ వల్లేనని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే అన్నాడు. ఇరవై ఏళ్లు ఎవరూ వినలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం ఆయన మాట నిజమని రుజువు చేసింది. వెంటనే విలియం గోర్గాస్ అనే సైనిక వైద్యుడు హవానా నగరంలో ఆ దోమను తుడిచిపెట్టి చూపించాడు.

అమెరికా 1904లో పనామా కాలువను చేపట్టినప్పుడు ఆరోగ్య బాధ్యత గోర్గాస్‌కే అప్పగించారు. అయినా పైవాళ్లకు దోమల సిద్ధాంతం మీద నమ్మకం లేదు. డబ్బు విదల్చలేదు. 1905లో ఎల్లో ఫీవర్ విరుచుకుపడింది. ఉద్యోగులు ఓడ దొరికితే చాలని పారిపోయారు. చీఫ్ ఇంజినీరు కూడా ఆ జూన్‌లో రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన జాన్ స్టీవెన్స్ చేసిన మంచి పని ఒకటుంది. తవ్వకం పక్కకు పెట్టి గోర్గాస్ అడిగినవన్నీ ఇచ్చాడు.

గోర్గాస్ ఏం చేశాడో మనం శ్రద్ధగా వినాలి. పనామా నగరంలో ఇల్లిల్లూ గంధకం పొగ పట్టించాడు, నిజమే. కానీ ఆ పొగ మీద ఆధారపడలేదు. ఆ ఊళ్లో నల్లాలు లేవు. జనం వాన నీళ్లను పీపాల్లో పట్టుకుని నెలల తరబడి వాడుకునేవారు. ఈడిస్ దోమకు మురుగు అక్కర్లేదు, ఇంట్లో నిలవుండే మంచినీళ్లే కావాలి. తనిఖీదార్లు ప్రతి ఇంట్లో ప్రతి పీపా తెరిచి చూశారు. మూతలు పెట్టించారు, పురుగులు కనిపిస్తే జరిమానా వేశారు. ఇంతలో ఇంజినీర్లు దూరం నుంచి నీళ్లు తెచ్చి వీధి వీధికీ గొట్టాలు వేశారు, మురుగు కాలువలు కట్టారు, రోడ్లకు ఇటుకలు పరిచారు. గొట్టంలో నీళ్లొచ్చేసరికి పీపాతో పని లేకపోయింది. పీపా పోయేసరికి దోమకు చోటు లేకపోయింది. 1905 నవంబరు తర్వాత పనామా నగరంలో ఎల్లో ఫీవర్ మరణం లేదు.

మలేరియా అంత తేలిగ్గా లొంగలేదు. అనాఫిలస్ దోమ ఊరి బయట గుంటల్లో, గడ్డిలో పెరుగుతుంది. బురద నేలలకు కాలువలు తీసి నీళ్లు మళ్లించారు. మళ్లని నీటి మీద నూనె చల్లారు. ఇళ్ల చుట్టూ గడ్డి, పొదలు నరికించారు. క్వినైన్ ఉచితంగా పంచారు. గాజు గొట్టాలు పట్టుకుని ఇళ్లలో దోమలను ఒక్కొక్కటిగా పట్టే పనివాళ్లను కూడా పెట్టారు. 1906లో 26,000 మంది పనివాళ్లుంటే 21,000 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు మలేరియాతో దవాఖానలో చేరారు. 1912లో పనివాళ్లు 50,000 దాటారు, చేరినవాళ్లు దాదాపు 5,600. కాలువ తెరుచుకున్న 1914లో గోర్గాస్ రాస్‌కు ఉత్తరం రాశాడు. మలేరియా దోమ వల్ల వస్తుందన్న మీ పరిశోధన వల్లే ఇక్కడ కాలువ తవ్వగలిగామని చెప్పడం అతిశయోక్తి కాదన్నాడు. బేగంపేటకు ఇంతకంటే పెద్ద సన్మానం ఏముంటుంది?

ఆ విజయం అందరికీ సమానంగా అందలేదని కూడా చెప్పాలి. మట్టి మోసింది, బండలు పేల్చింది ఎక్కువగా బార్బడోస్, జమైకా లాంటి దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్లు. తెల్ల ఉద్యోగులకు జీతం బంగారు నాణేల్లో, వీళ్లకు వెండి నాణేల్లో. వరసలు వేరు, ఇళ్లు వేరు. తెల్లవాళ్ల ఇళ్లకు కిటికీలన్నిటికీ దోమల జాలీలు బిగించారు, వీళ్ల కొట్టాల్లో చాలావాటికి అవి లేవు. తడి బట్టలతోనే పడుకునేవాళ్లను న్యుమోనియా తీసుకుపోయింది. అమెరికా కాలంలో లెక్కకెక్కిన 5,609 మరణాల్లో అత్యధికం వీళ్లవే. పనామా నగరంలో వీళ్ల జ్ఞాపకానికి ఒక చిన్న మ్యూజియం ఉంది, పాత చెక్క చర్చిలో. కాలువ చూడబోయేవాళ్లు దానికీ ఒక గంట కేటాయించాలి.

కాలువను నేను మీరాఫ్లోరెస్ దగ్గర చూశాను. నగరం నుంచి అరగంట కూడా పట్టదు. గోదావరి, కృష్ణా జిల్లాల శ్రోతలకు లాకులంటే ఏమిటో వివరించనక్కర్లేదు. కాటన్ కాలం నుంచి ధవళేశ్వరంలో పడవలు ఎక్కి దిగిన పద్ధతే ఇక్కడా. కొలతలే వేరు. ఒక్కో లాకు గది 305 మీటర్ల పొడవు, 33.5 మీటర్ల వెడల్పు. సముద్రం నుంచి వచ్చిన ఓడను మెట్టు మెట్టుగా 26 మీటర్లు పైకెత్తి గాటూన్ చెరువులో వదులుతారు, అవతల మళ్లీ దించుతారు. మొత్తం 80 కిలోమీటర్లు, ఎనిమిది నుంచి పది గంటలు. అల్లరిగా పారే చాగ్రెస్ నదికి అడ్డుకట్ట వేసి చేసిన చెరువు అది. ఫ్రెంచివాళ్లను ఏడిపించిన నదే ఓడలను మోస్తోంది.

గట్టు మీద నిలబడి చూస్తే ఓడకూ గోడకూ మధ్య జానెడు, బెత్తెడు సందు. నాలుగు మూలలా పట్టాల మీద చిన్న ఇంజిన్లు, తాళ్లతో ఓడను తిన్నగా పట్టుకుని నడుస్తాయి. వాటిని అక్కడ ములాలంటారు, కంచరగాడిదలని. తలుపులు రెండు మీటర్ల మందం. పంపులేవీ లేవు. పైనున్న నీళ్లు తమ బరువుకే కిందికి దిగి గదిని నింపుతాయి. కొన్ని నిమిషాల్లో అంత పెద్ద ఓడ, వేల పెట్టెలతో సహా, చప్పుడు లేకుండా నా కళ్ల ముందు లేచింది. పక్కన ఒక స్కూలు పిల్లల గుంపు చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను.

ఒక్కో ఓడ దాటేసరికి దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రంలో కలుస్తాయి. పనామా నగరం తాగేదీ ఆ చాగ్రెస్ నీళ్లే. 2016లో తెరిచిన కొత్త పెద్ద లాకుల్లో 60 శాతం నీళ్లను పక్క తొట్లలో పట్టి మళ్లీ వాడుతున్నారు. అయినా 2023లో వానలు మొహం చాటేస్తే రోజుకు 36 ఓడలకు బదులు 2024 జనవరికి 24కు తగ్గించాల్సి వచ్చింది. జ్వరాన్ని గెలిచిన కాలువ ఇప్పుడు నీటి కోసం ఆకాశం వైపు చూస్తోంది.

ఇక మా గడ్డిఅన్నారం. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాంనగర్ మునిగి, ఇళ్లలో మోకాళ్లు దాటి నీళ్లు నిలిచిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వరద వచ్చినప్పుడు టీవీలు వస్తాయి. వరద పోయాక మొదలయ్యే జ్వరాల గురించి ఎవరూ అడగరు. సాయంత్రం పొగ బండి వస్తుంది, పిల్లలు దాని వెనక పరుగెడతారు. డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగటిపూట, ఉండేది ఇంటి లోపల. వీధిలో కొట్టిన పొగ దాన్ని పెద్దగా ఏం చేయలేదు.

మా సందుల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అందుకే ప్రతి ఇంట్లో సంపు, మేడ మీద టాంకు, బాత్రూములో డ్రమ్ము. కోచింగ్ పిల్లల హాస్టళ్లలో అయితే వరసగా డ్రమ్ములే. 1904 నాటి పనామా నగరపు పీపాలకూ వీటికీ తేడా ప్లాస్టిక్కు ఒక్కటే. ఇది నేను చాలా సీరియస్‌గా అంటున్న మాట. జనానికి శుభ్రత లేదని తిట్టేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. నీళ్లు నిలవ చేసుకునేది సోమరితనంతో కాదు, రేపు రావని. గోర్గాస్ జనాన్ని తిట్టి ఊరుకోలేదు, గొట్టం వేయించాడు. రోజూ నల్లా రావడం సౌకర్యం కాదు, డెంగీకి మందు. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను మనం అడగాల్సింది పొగ బండి గురించి కాదు, నల్లా గురించి.

మా పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయాక ఆ జాగాను పెద్ద దవాఖానకు ఇచ్చారు. సంతోషం. అయితే ఈ దోమ విషయంలో దవాఖాన దాకా పోకుండా ఆపే పని ఇంట్లోనే ఉంది. ఈడిస్ గుడ్లు డ్రమ్ము లోపలి గోడకు, నీటి అంచున అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోసినా అవి చావవు, ఎండిపోయి నెలలపాటు బతుకుతాయి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి ఖాళీ చేస్తే చాలదు, పీచుతో గోడ రుద్ది కడగాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి రుద్దితే సరిపోతుంది. శుక్రవారం డ్రై డే అని చెప్పేది అందుకే.

వానాకాలంలో టార్చి, తెల్ల గిన్నె పట్టుకుని ఒక అమ్మాయి దోమల తనిఖీకి ఇంటింటికీ వస్తుంది. డ్రమ్ములోంచి నీళ్లు ముంచి తెల్ల గిన్నెలో పోసి చూపిస్తుంది. సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ, గిన్నె కదిపితే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతాయి. చాలా ఇళ్లలో ఆమెను గేటు దగ్గరే ఆపి, మా ఇంట్లో దోమల్లేవమ్మా అని పంపించేస్తారు. దయచేసి అలా పంపకండి. లోపలికి రానివ్వండి, మంచినీళ్లివ్వండి, మేడ మీదికి కూడా తీసుకెళ్లండి. టాంకు మూత సరిగా ఉందో లేదో చూడాల్సింది అక్కడే.